పాత చీరలకి ఎర్ర బకెట్టు

మా వీధిలోకి పాత సామాన్లు కొనడానికి వచ్చే అతను చాలా ఓర్పున్న మనిషి. తడిసిన పేపర్లు, తుప్పు పట్టిన డబ్బాలు, చిల్లుపడిన సత్తు గిన్నెలు, ఏది చూపించినా మొహం చిట్లించకుండా తీసుకుంటాడు. అలాంటివాడు మొన్న మా పెరట్లో నూతి గట్టు పక్కనున్న బకెట్టును చూసి, బొటనవేలితో దాని అంచు నొక్కి, చేతిలో రాలిన ముక్కల్ని చూసుకుని, "ఇది మాత్రం నా వల్ల కాదండి టీచరు గారూ. పొడైపోతందండి. కరిగించేవోళ్ళు కూడా తీసుకోరండి దీన్ని" అన్నాడు. "మరి నన్నేం చెయ్యమంటావయ్యా?" అన్నాను. "ఏం చేత్తారండి, ఉండనివ్వండి. అదెక్కడికీ పోదు కదండీ" అని నవ్వుతూ బండి తోసుకుని వెళ్ళిపోయాడు. అదెక్కడికీ పోదన్న సంగతి అతను నాకు చెప్పాలా! చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను దాన్ని.

ఒకప్పుడు అది ఎర్ర బకెట్టు. ఇప్పుడు వెలిసిపోయి, ఏ రంగో చెప్పడం కష్టం. ఇనప కాడ తుప్పు పట్టి ఊడిపోతే మా పిన్ని కొబ్బరి తాడు కట్టింది. అడుగు చీలితే అట్లకాడ కాల్చి అతికించింది. ఆ అతుకు కూడా వదిలేశాక మట్టి నింపి కనకాంబరాలు వేసింది. కనకాంబరాలు పోయాయి, పిన్ని కూడా పోయింది, బకెట్టు ఉంది. ఈ మధ్య దాన్ని ముట్టుకుంటే చాలు అంచు పుటుక్కున విరిగి పలుకులు మట్టిలో పడుతున్నాయి. పీట వేసుకుని, కళ్ళజోడు సవరించుకుంటూ, ఆ పలుకులు ఒక్కొక్కటీ ఏరి సీసాలో వేస్తుంటాను. పక్కింటి వాళ్ళు గోడ మీంచి చూసి, ఈవిడకి పనేం లేదు కాబోలు అనుకుంటారు. ఎంత ఏరినా మర్నాటికి ఇంకో నాలుగు కనబడతాయి. అయినా మానను. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

అమలాపురంలో మా కాలనీలో నాకో పేరుంది. చెత్త లేని టీచరు గారని. రిటైరయ్యాక నేను పెద్ద ఉద్యమం ఏమీ చేయలేదు. బజారుకి గుడ్డ సంచీ పట్టుకెళ్తాను, చేపలకి మూత ఉన్న స్టీలు క్యాను పట్టుకెళ్తాను, వంటింటి తుక్కంతా పెరట్లో గోతిలో వేసి మట్టి చేస్తాను, అంతే. మొదట్లో చేపలావిడ నా క్యాను చూసి గొడవ పెట్టేది. "ఎందుకండీ టీచరు గారూ ఈ బరువు మొయ్యడం? కవర్లో ఏసిచ్చేత్తాను కదండీ!" అనేది. "నీ కవరు తీసుకుంటే అది నాకంటే ఎక్కువ కాలం బతుకుతుందే తల్లీ" అన్నాను. "అయ్యబాబోయ్, పొద్దున్నే అలాంటి మాటలనకండి" అని క్యాను లాక్కుని చేపలు పడేసింది. ఇప్పుడు వీధిలో నలుగురైదుగురు ఆడవాళ్ళు నాలాగే సంచులు పట్టుకెళ్తున్నారు. ఎక్కడ నేర్చుకున్నారండీ ఇవన్నీ అని అడుగుతారు. మా పిన్ని దగ్గర అని చెప్తాను. ఆవిడకి ఎంత ముందుచూపండీ అని మెచ్చుకుంటారు. పిన్ని అలా బతికింది భూమి కోసం కాదు, కాలవల కోసం కాదు. ఒక మధ్యాహ్నం చేసిన పొరపాటు కోసం.

పిన్ని అంటే మా నాన్నకి రెండో భార్య. మా అమ్మ శాంతమ్మ, నేనింకా బడిలో చేరకముందే, కాన్పు కష్టమై పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. అమ్మ మొహం నాకు గుర్తు లేదు. పెళ్ళినాటి ఫొటో ఒకటి ఉండేది గానీ, తుఫానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు నానిపోయి, అమ్మ ఉండవలసిన చోట తెల్ల మరక మిగిలింది. పక్కన నాన్న మాత్రం కోటు వేసుకుని శుభ్రంగా నిలబడి ఉన్నాడు. గోదావరి పాయ వైనతేయ గట్టున మా ఊరు, ఊరి చివర మా పేట. తాతముత్తాతలు పొలం పనులకి వెళ్ళినవాళ్ళు. మిషనరీల బడిలో చదువుకుని పంతులుద్యోగం తెచ్చుకున్న మొదటివాడు మా నాన్న. ఆ ఉద్యోగానికి ఎంత గౌరవం వచ్చినా, ఇల్లు నడిపేది మాత్రం నాన్నను కన్న మా మామ్మే.

మామ్మ ఇంట్లో చెత్త అనే మాటే ఉండేది కాదు. కొబ్బరి కాయ ఇంట్లోకి వస్తే ఇక బయటికి పోయేదేమీ లేదు. పీచు గిన్నెలు తోమడానికి, చిప్ప పొయ్యిలోకి, మంచి చిప్ప అయితే గరిటెకి, నీళ్ళు నా నోట్లోకి. ఎండిన మట్టలు దడికీ, ఈనెలు చీపురుకీ. బియ్యం కడిగిన కుడితి గేదెకి, గిన్నెలు కడిగిన నీళ్ళు అరటి మొదలుకి. మెత్తళ్ళ లాంటి చిన్న చేపలు కొంటే బాదం ఆకులో చుట్టి ఇచ్చేవారు, ఆ ఆకు గోతిలోకి. కొట్టు నుంచి పొట్లం వస్తే కాగితం మడత పెట్టి చూరులో దోపేది, దారం ఉండకి చుట్టేది. ఆ దారం ఉండ నా తలకాయంత ఉండేది. పొద్దున్నే నిద్ర లేచేసరికి పొయ్యి పొగ, పేడ కళ్ళాపి, నూతి దగ్గర తడిసిన ఇటుకల వాసన. చర్చి గంట కొట్టేలోపల మామ్మ చేతుల కింద ఇల్లంతా ఒకసారి కదిలి మళ్ళీ సర్దుకునేది. ఇదంతా గొప్ప అని అప్పట్లో ఎవరం అనుకోలేదు. లేనివాళ్ళ ఇల్లు అలాగే ఉంటుంది మరి.

పాత బట్టలకి మామ్మ దగ్గర ఒక పద్ధతి ఉండేది. మెత్తబడిన నేత చీరలన్నీ ఒక మూట కట్టి అటక మీద పడేసేది. వానాకాలం ముందు ఆ మూట దింపి, చీర మీద చీర పరిచి, చుట్టూ కూర్చుని బొంత కుట్టేవారు. మా పేటలో ప్రతి ఇంటా అంతే. అమ్మ పోయాక అమ్మ చీరలన్నీ మామ్మ ఆ మూటలోనే పెట్టింది. పెట్టెలో దాచలేదు. దాచుకునేవి వేరు, కప్పుకునేవి వేరు అని ఆవిడ లెక్క. "నువ్వు కాస్త ఎదిగేక మీ అమ్మ చీరలతో నీకు బొంత కుడతానే. మీ అమ్మని కప్పుకుని పడుకుందువు గాని" అనేది నాతో. మూట మీద మూట పడి అవి అడుగుకి వెళ్ళాయి. ఆకుపచ్చ చీర ఒకటుండేదట, అంచు పసుపుదట. నేను చూసిన గుర్తు లేదు. అయినా ఆ రంగులు నాకు కంఠతా వచ్చేశాయి.

నాన్న పిన్నిని తెచ్చుకున్నది నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు. పేరు కరుణమ్మ. ఆవిడ పుట్టిల్లు మురమళ్ళ వైపు. పట్టుమని ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో. ఇంటికొచ్చిన కొత్తలో నా దగ్గరికి రావడానికి భయపడేది, నేను అంతకంటే భయపడేదాన్ని. పేటలో అమ్మలక్కలు ఊరుకుంటారా! "సవితి తల్లి అన్నం పెడతందా అమ్మడూ?" అని నన్ను ఆపి మరీ అడిగేవారు. పెడుతుందనే చెప్పాలి, పెట్టేది కాబట్టి. కానీ నేను ఆవిడ ఒళ్ళో కూర్చోలేదు, ఆవిడ పెట్టె ముట్టుకోలేదు. నూతి దగ్గర నేను ఇత్తడి బిందె నడుం మీద పెట్టుకుని వంగిపోతూ నడుస్తుంటే వెనకాలే వచ్చి అందుకోబోయేది. నేను ఇచ్చేదాన్ని కాదు. మొండితనంలో నాకు అప్పుడే పెద్ద పేరు.

ఆ రోజు మామ్మ మా మేనత్తను చూడ్డానికి రాజోలు వెళ్ళింది. నాన్న, నేను బళ్ళో ఉన్నాం. మధ్యాహ్నం వేళ పేటలోకి గంపావిడ ఒకతె వచ్చిందట. నెత్తి మీద గంప, గంపలో ఎవ్వరూ చూడని రంగుల సామాన్లు. పాత చీరలకి పిలాస్టిక్ సామాన్లోయ్ అని కేకేసిందట. అంతకుముందు మా ఊళ్ళో ప్లాస్టిక్ అంటే ఒకరిద్దరి ఇళ్ళలో దువ్వెనలు, సబ్బు పెట్టెలు, అంతే. ఒక ఎర్ర బకెట్టును వేలికి తగిలించి తిప్పి చూపించిందట. పిన్నికి వెంటనే నా నడుం మీది ఇత్తడి బిందె గుర్తొచ్చింది. అటకెక్కి, మూట దింపి, పాత చీరలన్నీ ఇచ్చేసింది. ఇంటికొచ్చి ఎన్నో రోజులు కాలేదు, ఆ మూటలో ఏముందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మాకేమో అందరికీ తెలిసిందే కదా అన్నంత తెలుసు, అందుకే చెప్పాలని ఎవరికీ తోచలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి నూతి గట్టు మీద అది ఉంది. ఎండ పడి మెరుస్తోంది. పిన్ని తలుపు చాటు నుంచి నన్నే చూస్తోంది. "నీకేనమ్మా. ఎత్తి చూడు, దూదిలా ఉంటది" అంది. ఎత్తాను. నిజమే, బరువే లేదు. ఆ పూట నేను నవ్వానని పిన్ని తర్వాత మామ్మతో చెప్పింది.

సాయంత్రం మామ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కోబోతూ బకెట్టు చూసి, "ఎక్కడిదే ఇది?" అంది. పిన్ని సంతోషంగా చెప్పింది. మామ్మ చెంబు కింద పెట్టి, ఆ వయసులో తనే నిచ్చెనెక్కింది. అటక మీద వెతుకుతున్న చప్పుడు వచ్చింది. చాలాసేపటికి, "శాంత చీరలేవే కరుణా?" అని వినబడింది. అరిచి అడగలేదు. పిల్లి అడుగులంత మెల్లగా అడిగింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పిన్ని దాన్ని అలాగే వదిలేసి, బకెట్టు పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రేవు వైపు పరుగెత్తింది. ఆ రోజుల్లో వంతెన లేదు. ఏరు దాటాలంటే పంటే దిక్కు. రెండు పడవలు కలిపి పైన చెక్కలు పరిచి, మనుషుల్నీ సైకిళ్ళనీ దాటించేవారు. పిన్ని రేవుకి చేరేసరికి ఆఖరి పంటు ఏటి నడుమ ఉంది. గంపావిడ అందులో ఉంది, మూట కూడా ఉంది. పిన్ని అరిచిందట, గుండెలు బాదుకుందట, మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయిందట. ఎదురు గాలికి ఎవరికీ వినబడలేదు.

మసక చీకట్లో తిరిగొచ్చి గుమ్మం ముందు నిలబడింది. చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది. చేతిలో ఆ బకెట్టు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, తనూ అడగలేదు. ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు, నేను నిద్రపోయాను. నాకు బాగా గుర్తున్నది అదే: గుమ్మంలో పిన్ని ఆకారం, పక్కన వేలాడుతున్న బకెట్టు. ఇప్పటికీ చీకటి పడే వేళ ఏ గుమ్మం వైపు చూసినా నాకు ఒక్క క్షణం ఆవిడ కనిపిస్తుంది. మర్నాడు పొద్దున్నే అవతలి ఒడ్డుకి వెళ్ళింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్ళింది. ఆ గంపావిడ ఏ ఊరిదో, ఆ చీరలు ఎవరికి అమ్మిందో, ఏమీ తెలియలేదు. పాత బట్టలు గేరేజీలకు వెళ్తాయి, లారీలు తుడవడానికి కొంటారు అని ఎవరో చెప్పారు. ఆ మాట నా చెవిన పడకుండా ఉంటే ఎంత బాగుండేది!

అప్పట్నుంచీ నేను గుడ్డపీలికలు చూడ్డం మొదలుపెట్టాను. రావులపాలెం బస్టాండులో క్లీనరు అద్దం తుడుస్తుంటే బస్సు దిగి వెళ్ళి వాడి చేతిలో గుడ్డ ఏ రంగో చూసేదాన్ని. సైకిలు షాపులో చమురు గుడ్డ, టీ కొట్టులో బల్ల తుడిచే గుడ్డ, చేలో దిష్టిబొమ్మకి కట్టిన గుడ్డ, అన్నీ చూశాను. ఆకుపచ్చ కనబడితే అంచు పసుపేమోనని ఇంకా దగ్గరికి వెళ్ళేదాన్ని. పెద్దయ్యాక, పెళ్ళయ్యాక, ఉద్యోగం చేస్తూ కూడా మానలేదు. మా అమ్మ ఎక్కడో ఎవరి చేతిలోనో నల్లటి చమురు తుడుస్తూ ఉందని నాకు ఒక పిచ్చి ఊహ. ఇప్పుడు ఆ చీర దారప్పోగు కూడా ఉండదు, నాకు తెలుసు. అయినా మొన్న కాలవ లాకుల దగ్గర కవర్లు, సీసాలు గుట్టలా అడ్డం పడితే, అందులో పచ్చగా ఏదో చిక్కుకుని ఊగుతుంటే, వంగి చూశాను. పచ్చ కవరు. దాని మీద ఏదో బట్టల షాపు బొమ్మ కూడా చెరిగిపోలేదు.

మామ్మ పిన్నిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో. ఆ తర్వాత మా ఇంట్లోంచి ఒక్క గుడ్డ ముక్క కూడా బయటికి పోలేదు. పిన్ని పోనివ్వలేదు. చీర చిరిగితే నాకు పరికిణీ, పరికిణీ పొట్టయితే దిండు గలేబు, తర్వాత మసిగుడ్డ, తర్వాత నేల తుడిచే గుడ్డ, ఆఖరికి దీపం ఒత్తి. మా ఇంట్లో గుడ్డ ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే బూడిదయ్యేది, ఆ బూడిదతో గిన్నెలు తోమేవాళ్ళం. ఊరంతా ప్లాస్టిక్ వచ్చి పడ్డా పిన్ని ఇంకొకటి కొనలేదు. కవరు ఇస్తే కొట్టువాడి మొహాన్నే తిరిగి పెట్టేసేది. పీనాసి కరుణమ్మ అని పేరు పెట్టారు. నాకు కొత్త టిఫిన్ డబ్బా కావాలంటే కూడా, "ఉన్నది బాగానే ఉంది కదమ్మా" అనేది. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండేది. తన పెళ్ళి చీరతో సహా తన పుట్టింటి చీరలు కోసి నాకు బొంత కుట్టింది. నేను అది కప్పుకోలేదు. చలికి ముడుచుకుని పడుకున్నాను గానీ కప్పుకోలేదు. బకెట్టుతో మాత్రం రోజూ నీళ్ళు తోడాను. తేలిగ్గా ఉండేది మరి, పాడుది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయన బతికున్నప్పుడు ఆయనకి కూడా. చీరలు పోయిన కొన్నాళ్ళకి నాకు పెద్ద జ్వరం వచ్చింది. ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాను. అప్పుడు మా అమ్మ వచ్చింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. మొహం కనబడలేదు, కళ్ళు తెరవడానికి ఓపిక లేదు. నన్ను ఒళ్ళోకి తీసుకుని కొంగు కప్పింది. ఆ కొంగు నా నోటికీ ముక్కుకీ ఆనుకుని ఉంది. గంజి వాసన, పొయ్యి పొగ, వాటి కింద ఏదో ఎండు పువ్వు వాసన, తియ్యగా, కొద్దిగా చేదుగా. ఏ పువ్వో తెలియదు. పసివాళ్ళకి పాడినట్టు ఏదో కూనిరాగం తీస్తోంది. జ్వరం తగ్గాక చుట్టూ చూశాను. మామ్మ పక్కన మంచం మీద నిద్రపోతోంది. నేనేమీ అడగలేదు. అమ్మ చీరలు పోయినా అమ్మ దారి తెలుసుకుని వచ్చిందని నా లోపల నేను దాచుకున్నాను. నా చిన్నతనమంతా ఆ వాసన పట్టుకునే నడిచాను. ఏ ఇంటికి వెళ్ళినా పూలు వాసన చూసేదాన్ని. మల్లె కాదు, సంపెంగ కాదు, పొన్న కాదు. ఆ వాసన మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

మామ్మ పోయింది, నాన్న పోయాడు. మా తమ్ముడు ప్రసాదు, పిన్ని కొడుకు, బ్యాంకులో ఉద్యోగం చేస్తూ రాజమండ్రిలో ఉంటాడు. పిన్ని వాడి దగ్గర ఉండలేకపోయింది. ఆ అపార్ట్‌మెంటులో గుడ్డ ఉతికి ఆరేసే చోటు లేదట. నా దగ్గరికే వచ్చింది, పెట్టె ఒక చేత్తో, బకెట్టు ఇంకో చేత్తో. "దాన్నెందుకు పిన్నీ మోసుకొచ్చావు?" అంటే, "నీది కదమ్మా అది" అంది. ఇద్దరం ముసలివాళ్ళమే, పెద్ద తేడా లేదు మా వయసుల్లో ఇప్పుడు. పొద్దున్న కాఫీలు, మధ్యాహ్నం బైబిలు చదువుకోవడం, సాయంత్రం వంటింటి తుక్కు గోతిలో వేసి మట్టి కప్పడం. చీరల సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు. పుట్టింటి వైపు నుంచి ఎవరైనా వస్తే మాత్రం కొంగున ఏదో ముడి వేసుకుని గదిలోకి వెళ్ళి పెట్టె తెరిచేది. ఆఖరి ఏళ్ళలో నైటీలే వేసుకునేది. చీరలు ఆ పెట్టెలోనే ఉండిపోయాయి.

పోయే ముందు కొన్నాళ్ళు మనసు పట్టు తప్పింది. తుళ్ళిపడి లేచి కూర్చుని, "పంటు ఎళ్ళిపోయిందా అమ్మాయ్?" అని అడిగేది. ప్రసాదు చూడ్డానికి వచ్చినప్పుడు, "పంటేంటమ్మా, వంతెనేసి ఎన్నేళ్ళయిందో!" అని సర్దిచెప్పేవాడు. వాడికి ఏమీ తెలియదు, వాడు పుట్టకముందు సంగతి. పిన్ని వాడి వైపు చూసేది కాదు. నా వైపే చూసేది. "ఎళ్ళిపోయిందా?" అని మళ్ళీ అడిగేది. దుప్పటి సర్ది, "ఎప్పుడో వెళ్ళిపోయింది పిన్నీ, పడుకో" అనేదాన్ని. ఆవిడ తల ఊపి, సరే అన్నట్టు, అటు తిరిగి పడుకునేది. ఒకరోజు అలా పడుకుని ఇక లేవలేదు.

పోయినవాళ్ళ కోసం చర్చి వాళ్ళు పెట్టే ఆదరణ కూడిక అయిపోయాక ప్రసాదు రెండు రోజులు ఉండిపోయాడు. వాడు మంచివాడే, ఏ పనైనా తొందరగా తెమిలిపోవాలంటాడు. పిన్ని పెట్టె వరండాలోకి తెచ్చి, చీరలు తీసి దుప్పట్లో మూట కట్టాడు. అప్పుడే వీధిలోకి ఆటో వచ్చింది, మైకులో రికార్డు పెట్టుకుని. పాత చీరలకి ప్లాస్టిక్ టబ్బులు, డ్రమ్ములు, బకెట్లు. వాడు మూట భుజాన వేసుకుని, "అక్కా, ఎందుకివన్నీ, ఇచ్చేద్దామా? ఏదో టబ్బు వస్తుంది, నీకు పెరట్లో పనికొస్తుంది" అన్నాడు. "దింపు" అన్నాను. "అదేంటక్కా?" అన్నాడు. "దింపరా మూట!" అని అరిచాను. ఎన్నేళ్ళ అరుపో అది, నాకే భయం వేసింది. బిత్తరపోయి దింపాడు. "నీకు అమ్మ మీద అంత ఇది ఉందనుకోలేదక్కా" అన్నాడు మెల్లగా. ఆటో ఆగి, ఎవరూ రాకపోతే ముందుకి కదిలింది.

వాడు ఊరు వెళ్ళాక మూట విప్పాను. బొంత కుట్టాలని నా ఆలోచన. మా ఇంట్లో అంతే కదా, ఏదీ బయటికి పోదు. పైనున్న నీలం చీర మడత విప్పి దులిపాను. మడతల్లోంచి గోధుమ రంగు పొట్టు రాలింది. చిన్న చిన్న చక్రాల్లాంటి ఎండు పూలు. పొగడపూలు. పిన్ని పుట్టినూళ్ళో చర్చి ఆవరణలో పొగడ చెట్టుందని ఆవిడ ఎప్పుడో అన్నట్టు గుర్తు. కొంగున ముడి వేసుకునేది వీటినే కాబోలు అనుకుంటూ, ఏమీ తోచక, చీరని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాను.

గంజి. పొయ్యి పొగ. వాటి కింద తియ్యగా, కొద్దిగా చేదుగా.

ఇంకో చీర తీశాను, ఇంకోటి. అన్నిట్లో అదే. మా ఊళ్ళో పొగడ చెట్టు లేదు. మామ్మ బట్టల్లో పూలు పెట్టనిచ్చేది కాదు, చీమలు పడతాయని; పిన్ని పెట్టె మాత్రం ఎవరూ తెరిచి చూడలేదు. మా అమ్మ చీరల్లో ఆ వాసన ఉండే వీల్లేదు. జ్వరంలో నన్ను ఒళ్ళోకి తీసుకున్నది ఎవరో, కొంగు కప్పింది ఎవరో, నేను ఏ వాసన కోసం ఊరూరా పూలు చూశానో, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. పెళ్ళయి ఎన్నో రోజులు కాని ఆ పిల్ల, ఎవరూ మాట్లాడని ఆ ఇంట్లో, నేను కళ్ళు తెరిస్తే ఎక్కడ విదిలించుకుంటానో అని, నాకు మెలకువ రాకముందే లేచి వెళ్ళిపోయింది. తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. మా అమ్మ రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. వచ్చిన మనిషి ఎన్నో ఏళ్ళు నా పక్క గదిలోనే పడుకుంది. ఏడ్చాను. ఎవరి కోసం ఏడుస్తున్నానో తేల్చుకోలేక, ఇద్దరి కోసం ఏడ్చాను.

బొంత ఇంకా కుడుతున్నాను. చూపు ఆనక కుట్లు వంకరపోతున్నాయి, పోనీ. సాయంత్రం వెలుగు తగ్గాక సూది పక్కన పెట్టి వరండాలో కూర్చుంటాను. మూల మీద ఎవరో కవర్లు తగలబెడతారు, ఆ కంపు వస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా వినరు. పెరట్లో ఆ బకెట్టు అలాగే ఉంది. నేను పోయాక కూడా దాని పలుకులు ఈ మట్టిలో ఉంటాయి, ఈ చీరలు మాత్రం ఎప్పుడో మట్టయిపోతాయి. ఒడిలో ఉన్నంత సేపే వాసన. నిన్న అలా కూర్చుని గుమ్మం వైపు చూశాను. ఎప్పట్లాగే కనిపించింది, మోకాళ్ళదాకా తడిసిన చీర, చేతిలో బకెట్టు, లోపలికి రమ్మంటారేమోనని ఎదురుచూస్తూ. ఈసారి నేను కళ్ళు తిప్పుకోలేదు.

"లేదు పిన్నీ, పంటు వెళ్ళిపోలేదు" అన్నాను పైకే. "అది కింద పెట్టి లోపలికి రా."